నిద్ర పట్టని రాజు, చెమట పట్టించే గది

దీఘ నికాయంలోని సామఞ్ఞఫల సుత్తం ఒక రాత్రివేళ మొదలవుతుంది. కత్తిక మాసపు పున్నమి. మగధ రాజు అజాతసత్తు మేడపైన మంత్రుల నడుమ కూర్చుని వెన్నెలను పొగుడుతాడు. ఇంత మంచి రాత్రి ఏ సమణుణ్ని కలిస్తే మనసు కుదుటపడుతుందని వాళ్లను అడుగుతాడు. మంత్రులు ఒకరి తర్వాత ఒకరు ఆరుగురు గురువుల పేర్లు చెబుతారు. రాజు ఉలకడు, పలకడు. పక్కనే ఉన్న వైద్యుడు జీవకుడు మాత్రం నోరు విప్పడు. చివరికి రాజే అతని వైపు తిరిగి నువ్వేమిటి మాట్లాడవని అడుగుతాడు. తథాగతుడు తన మామిడితోటలోనే ఉన్నాడని, అక్కడికి వెళ్దామని అప్పుడు అంటాడు జీవకుడు.

రాజు మేడ ఎక్కింది వెన్నెల కోసమేనా? క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోసుడు రాసిన సుమంగళవిలాసిని అనే అట్ఠకథ అసలు సంగతి చెబుతుంది. తండ్రి బింబిసారుణ్ని చంపించిన నాటి నుంచి ఆ రాజుకు రాత్రీ లేదు, పగలూ లేదు, నిద్రే లేదు. కన్ను మూస్తే చాలు, వంద బల్లేలు ఒక్కసారి పొడిచినట్టు కేక పెట్టి లేచేవాడు. బుద్ధుని మాట విన్న రోజు నుంచే అతనికి మళ్లీ నిద్ర పట్టిందని ఆ అట్ఠకథ అంటుంది.

ఈ సుత్తాన్ని మనం మామూలుగా ఆనాటి ఆరు మతాల వాదాల కోసం చదువుతాం. బుద్ధుడు ఆ వాదాలను ఎలా దాటిపోయాడో చెప్పుకుంటాం. ఒక రోగి, ఒక వైద్యుడు ఉన్న కథగా చదివితే మరో విషయం కనబడుతుంది. జీవకుడు ఆ కాలానికి పెద్ద వైద్యుడు. తక్కసిలలో ఏడేళ్లు చదివి వచ్చినవాడు. ఆకు, వేరు, బెరడు అన్నీ తెలిసినవాడు. నిద్ర లేని రాజుకు నిద్రమందు నూరి ఇవ్వలేదు. అతన్ని నడిపించుకుని వెళ్లి మాట్లాడే మనిషి ముందు కూర్చోబెట్టాడు. రాజు ఆ రాత్రి చేసిన నేరాన్ని తన నోటితో ఒప్పుకున్నాడు. బుద్ధుడు నీ పాపం పోయిందని అనలేదు. తప్పును తప్పుగా చూసి ఇక ముందు నిగ్రహించుకోవడమే పెంపు అన్నాడు. రాజు వెళ్లిపోయాక భిక్ఖువులతో, తండ్రిని చంపి ఉండకపోతే ఇతనికి ఇక్కడే ధమ్మచక్షువు తెరుచుకునేదని కూడా అన్నాడు. నిద్ర వచ్చినంత మాత్రాన నేరం మాసిపోలేదన్నమాట. చికిత్సనూ క్షమాపణనూ కలిపేయకపోవడం నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

అదే జీవకుని పేరు వినయ పిటకంలో మరోచోట, పూర్తిగా వేరే పనిమీద వస్తుంది. రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేసాలిలో రాసిన చీటీ

చుళ్లవగ్గం ఐదో ఖంధకంలో ఉంది ఆ కథ. వేసాలి నగరంలో ఉపాసకులు వంతులు వేసుకుని భిక్ఖువులకు మంచి మంచి భోజనాలు పెడుతున్నారు. తిని కూర్చోవడంతో భిక్ఖువుల ఒళ్లు బరువెక్కి రోగాల పాలయ్యాయి. ఏదో పనిమీద వేసాలి వచ్చిన జీవకుడు వాళ్లను చూశాడు. చూసి బుద్ధుని దగ్గరికి వెళ్లి రెండు వస్తువులు అడిగాడు. ఒకటి చంకమం, అంటే అటూ ఇటూ నడిచే బాట. రెండోది జంతాఘరం, అంటే నిప్పు వేసి వేడి చేసి చెమట పట్టించే స్నానపు గది. బుద్ధుడు రెండింటినీ ఒకే మాటలో అనుమతించాడు.

ఒకే చీటీలో రెండు చికిత్సలు. ఒకటి అలవాటును మార్చేది, మరొకటి ఒంటిని కాచేది. ఇక్కడ రోగం నిద్రలేమి కాదు. కూర్చుని తినడం వల్ల వచ్చిన జబ్బులు. ఆ తేడాను దాచకూడదు. అయినా ఈ జంట చికిత్స తర్వాత ఎంత దూరం ప్రయాణించిందో చూస్తే, దీన్ని ఒక భోజనాల గొడవగా తీసిపారేయలేం.

బుద్ధుడు అనుమతి ఇచ్చి ఊరుకోలేదు. ఆ గది ఎలా ఉండాలన్నది వినయంలో ఒక్కో ఇబ్బందికీ ఒక్కో సవరణగా పెరుగుతూ పోతుంది. చట్టం చదువుకున్నవాడిగా నాకు ఇది ఒక చట్టానికి ఏటేటా వచ్చే సవరణలలాగే కనిపిస్తుంది. గది పల్లంలో కట్టారు, నీళ్లు చేరాయి. అయితే అరుగు ఎత్తు చేయండి, ఇటుకతోనో రాతితోనో చెక్కతోనో కట్టండి. ఎక్కేటప్పుడు పడిపోయారు. మెట్లు పెట్టండి, పట్టుకోవడానికి కటకటాలు పెట్టండి. పొగ కమ్మింది. పొగగొట్టం పెట్టండి. గది చిన్నదైతే పొయ్యి ఒక పక్కకు, పెద్దదైతే నడిమధ్యకు ఉండాలి. సెగకు మొహం కాలింది. మొహానికి మట్టి పూసుకోండి. మట్టి నానబెట్టడానికి తొట్టి ఉండనివ్వండి. మట్టి కంపు కొట్టింది. దానికి పరిమళం పట్టించండి. ఒళ్లు మండింది. నీళ్లు తెచ్చి పెట్టుకోండి. నేల బురదైంది. పరుపు రాళ్లు వేయండి, నీరు పోవడానికి కాలువ తీయండి. కూర్చోవడానికి పీటలు, చీవరాలు తగిలించడానికి కొయ్యలు, చుట్టూ ప్రహరీ. చంకమం విషయంలోనూ అంతే. ఎగుడుదిగుడు నేల మీద నడిచి కాళ్లు నొచ్చాయంటే చదును చేయమన్నాడు. ఎండావానలకు ఇబ్బంది అంటే పైకప్పు వేయమన్నాడు. అనాథపిండికుడు జేతవనంలో కట్టించిన వాటి జాబితాలో బావులూ చంకమాలూ జంతాఘరాలూ కలిసే కనిపిస్తాయి.

మహావగ్గంలో మందుల ఖంధకం ఇంకా ముందుకు పోతుంది. పిలిందవచ్ఛ థేరుడికి అవయవాల్లో వాతం. మొదట మామూలుగా చెమట పట్టించమన్నాడు బుద్ధుడు. తగ్గలేదు. ఆకులు కలిపి పట్టించమన్నాడు. తగ్గలేదు. ‘మహాసేదం’ చేయమన్నాడు. అట్ఠకథ దీన్ని వివరిస్తుంది. మనిషి పొడవున గుంట తవ్వి, నిప్పులు నింపి, పైన మట్టీ ఇసుకా కప్పి, రకరకాల ఆకులు పరిచి, ఒంటికి నూనె రాసుకున్న రోగి దానిమీద పడుకుని అటూ ఇటూ దొర్లాలి. దానికీ తగ్గకపోతే ఆకులు కాచిన నీళ్లు, చివరికి వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టడం. ఒకటి పనిచేయకపోతే మరొకటి. ఎక్కడా మంత్రం లేదు, గ్రహశాంతి లేదు. మన ఇళ్లలో అమ్మమ్మలు పెట్టే కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్లు, దుప్పటి కప్పుకుని పట్టే ఆవిరి, ఇవన్నీ ఆ వరసలోవే.

వేడి ప్రమాదం అన్న ఎరుక కూడా ఆ గ్రంథంలో ఉంది. ఛబ్బగ్గియులనే అల్లరి భిక్ఖువుల గుంపు ఒకటి ఉండేది. పెద్దలు మందలించారన్న కోపంతో వాళ్లు ఒకసారి జంతాఘరంలో కట్టెలు ఎక్కువగా పేర్చి, నిప్పు పెట్టి, తలుపు మూసి, గుమ్మంలో కూర్చున్నారు. లోపలివాళ్లు సెగ తట్టుకోలేక, బయటికి దారి లేక, మూర్ఛపోయి పడిపోయారు. దాని తర్వాతే గదిలో నడుచుకోవలసిన తీరు మీద నియమాలు వచ్చాయి. పెద్దవాళ్ల మీదికి జరిగి కూర్చోరాదు. చిన్నవాళ్లను పీటల మీది నుంచి లేపరాదు. చివరగా బయటికి వచ్చేవాడు పీటలూ మట్టితొట్టీ కడిగి, నిప్పు ఆర్పి, తలుపు మూసి రావాలి.

ఎవరి పక్కన ఎవరు

పెద్ద, చిన్న అని రాశాను గదా. ఆ పెద్దరికం పుట్టుకతో వచ్చింది కాదు. సంఘంలో చేరిన రోజును బట్టి వచ్చింది. సక్య రాకుమారులు ప్రవ్రజ్య తీసుకోవడానికి వచ్చినప్పుడు తమతో వచ్చిన మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇవ్వమని వాళ్లే కోరారు. అప్పుడు తామే అతనికి నమస్కరించాలి, అలా తమ కులగర్వం అణగాలి అన్నారు. ఆ లెక్కన జంతాఘరంలో నిప్పుకు దగ్గర పీట మీద ఉపాలి, అతని తర్వాత అనురుద్ధుడు, ఆనందుడు. ఒకే గదిలో ఒకరి చెమట ఆవిరి మరొకరు పీల్చుతూ. ఎంగిలి, మైల, అంటు అన్న లెక్కలు ఒక్క గంటలో కరిగిపోయే చోటు అది. 1927 మార్చి 20న మహాడ్ చవుదారు చెరువు నీళ్లు ముట్టుకున్నందుకు మనవాళ్ల తలలు పగిలాయని గుర్తున్నవాళ్లకు, ఆ గది ఎంత పెద్ద విషయమో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

బ్రాహ్మణ ధర్మంలోనూ స్నానం ఉంది. కానీ అది మడి కోసం, పుణ్యం కోసం. తెల్లవారుజామున చన్నీళ్లలో మునగాలి. ఒంటికి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న అక్కడ లేదు. థేరీగాథలో పుణ్ణిక అనే దాసి ఈ స్నానాన్ని నిలదీసింది. యజమానురాలి కర్రకు భయపడి చలికాలంలోనూ నీళ్లలో దిగి కడవ నింపేది ఆమె. గట్టున వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుణ్ని నువ్వు ఎవరికి భయపడి దిగుతున్నావని అడిగింది. నీళ్లే పాపం కడిగేటట్టయితే కప్పలూ తాబేళ్లూ మొసళ్లూ ముందు స్వర్గానికి పోవాలి గదా అంది. అతని దగ్గర జవాబు లేదు. చన్నీటి బాధ తెలిసిన మనిషి కాబట్టే ఆమెకు ఆ ప్రశ్న తట్టింది.

మన పల్లెల్లో రెండు స్నానాలూ నేను చూశాను. అగ్రహారంలోది పొద్దుటి స్నానం. మా పేటల్లోది సాయంకాలపు స్నానం. నాట్లకు పోయిన ఆడవాళ్లు రోజంతా బురదలో నడుం వంచి ఇంటికి వస్తూనే పొయ్యి మీద కాగు పెట్టేవాళ్లు. వేన్నీళ్లు పోసుకున్నాకే అన్నం. ఒళ్లు నొప్పులు లాగేసి నిద్ర పడుతుందని చెప్పేవాళ్లు. దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు, ఆచారం అని కూడా అనలేదు.

తూర్పుకు పోయిన వేడినీళ్లు

జీవకుని గది దేశం దాటింది. చైనాలో 2వ శతాబ్దపు అనువాదకుడు అన్ షిగావ్ పేరు మీద ఒక చిన్న సుత్తం ప్రచారంలో ఉంది. జీవకుడు బుద్ధుణ్నీ సంఘాన్నీ వేడిగదిలో స్నానానికి పిలవడమే అందులో కథ. స్నానానికి ఏడు వస్తువులు కావాలి, ఏడు రోగాలు పోతాయి అని అందులో లెక్క చెబుతారు. ఆ సుత్తం ఆధారంగా చైనాలోనూ తర్వాత జపాన్‌లోనూ విహారాలు స్నానశాలలు కట్టి, సంఘానికే కాక బీదసాదలకు కూడా తెరిచాయి. నారా నగరంలోని తోదాయిజీ విహారంలో పాత స్నానశాల ఇప్పటికీ నిలిచి ఉంది. 8వ శతాబ్దపు రాణి కోమ్యో వెయ్యిమంది పేదలకు తన చేతులతో స్నానం చేయించిందని, చివరివాడు కుష్ఠురోగి అని ఒక కథ చెప్పుకుంటారు. కథను కథగానే తీసుకుందాం. కానీ ఒక రాణిని పొగడడానికి ఆ జనం ఎంచుకున్న పని ఏమిటో చూడండి.

శ్రీలంకలో అరంకెలె అడవి విహారంలో జంతాఘరం శిథిలాలు, పొడవాటి చంకమపు బాటలు ఒకే చోట ఉన్నాయి. మిహింతలె వైద్యశాల శిథిలాల్లో మనిషి ఆకారంలో తొలిచిన రాతితొట్టి ఉంది, రోగిని మందునూనెలో పడుకోబెట్టడానికి. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ కూడా నలందా చుట్టూ ఉన్న పెద్ద చెరువుల గురించి, స్నానానికి పిలిచే గంట గురించి, పొద్దునా సాయంత్రమూ భిక్ఖువులు నడిచే నడక గురించి రాశాడు. అన్నం తిన్నాక స్నానం చేయరాదని, ఆకలి మీదనే చేయాలని గట్టిగా చెప్పాడు. మా పేట ఆడవాళ్లు ఇత్సింగ్‌ను చదవలేదు.

పడక మీద బుద్ధుడు

ఇక నిద్ర. సంఘంలో నిద్రకు ఒక పద్ధతి ఉంది. మజ్ఝిమ, అంగుత్తర నికాయాల్లో చాలా చోట్ల జాగరియానుయోగం అన్న పేరుతో వస్తుంది. రాత్రిని మూడు జాములుగా చేస్తారు. మొదటి జాములో నడుస్తూ, కూర్చుంటూ మనసును శుభ్రం చేసుకోవాలి. నడిజాములో కుడిపక్కకు తిరిగి, కాలు మీద కాలు వేసి, సింహంలా పడుకోవాలి. పడుకునేటప్పుడే లేచే వేళను మనసులో పెట్టుకోవాలి. చివరి జాములో లేచి మళ్లీ నడక. పడక నిద్రకు మాత్రమే. దొర్లడానికీ, పగటి సంగతులు తలపోయడానికీ కాదు.

నిద్రను శత్రువుగా చూడమని దీని అర్థం కాదు. మగధలో కల్లవాళముత్త గ్రామంలో మొగ్గల్లానుడు కూర్చుని తూగుతుంటే బుద్ధుడు అతనికి ఒకదాని తర్వాత ఒకటి ఉపాయాలు చెప్పాడు. ధమ్మాన్ని తలుచుకో, చదువుకో, చెవులు లాగి ఒళ్లు రుద్దుకో, కళ్లు కడుక్కుని నక్షత్రాలు చూడు, నడువు. ఇవేవీ పనిచేయకపోతే పడుకో. అంటే నిజంగా నిద్ర వచ్చిన ఒంటితో పోట్లాడవద్దు.

అంగుత్తర నికాయంలో హత్థకుడనే ఉపాసకుని ప్రశ్న ఒకటి ఉంది. ఆళవి దగ్గర అడవిలో, పశువుల గిట్టలతో గట్టిపడ్డ దారిలో, ఆకుల పక్క మీద బుద్ధుడు కూర్చుని ఉన్నాడు. గడ్డకట్టే చలికాలం. బాగా నిద్ర పట్టిందా అని అడిగాడు హత్థకుడు. లోకంలో హాయిగా నిద్రపోయేవాళ్లలో నేనొకణ్నని బుద్ధుడు అన్నాడు. ఇంత చలిలోనా అని హత్థకుని ఆశ్చర్యం. బుద్ధుడు తిరిగి ప్రశ్న వేశాడు. గాలి చొరని మేడ, మెత్తని పక్క, దీపం, సేవ చేసే భార్యలు అన్నీ ఉన్న ధనికుడికి రాగం నుంచి, ద్వేషం నుంచి, మోహం నుంచి పుట్టిన మంట ఒంటినీ మనసునూ కాలుస్తుంటే నిద్ర పడుతుందా? ఆ మంటకు పాలిలో పరిళాహం అని పేరు. మేడ మీది అజాతసత్తును ఇక్కడ మళ్లీ చూడవచ్చు.

బయటి వేడి ఒంటికి మందు. లోపలి వేడి నిద్రకు శత్రువు. ఇది పదాల ఆట అని నేనూ అనుకునేవాణ్ని, ఇప్పటి పరిశోధన చదివేదాకా.

కొలిచి చూసినవాళ్లు

నిద్ర రావాలంటే ఒంటి లోపలి ఉష్ణోగ్రత కొంచెం దిగాలి. రాత్రి అది దాదాపు 1 డిగ్రీ సెల్సియస్ దాకా దిగుతుంది. ఆ దిగడం పడుకోకముందే మొదలవుతుంది. లోపలి వేడి అరచేతుల నుంచి, అరికాళ్ల నుంచి బయటికి పోతుంది. 1999లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు, కాళ్లూ చేతులూ వెచ్చగా ఉన్నవాళ్లకు త్వరగా నిద్ర పడుతుందని చూపించారు. వేన్నీళ్ల స్నానం చేసే పని ఇదే. రక్తాన్ని చర్మానికి రప్పిస్తుంది, స్నానం అయ్యాక ఆ వేడి బయటికి పోయి లోపల చల్లబడుతుంది. అంటే వేడి చేసేది చల్లబరచడానికే. 1985లో ఇంగ్లండ్‌లో హార్న్, రీడ్ అనే ఇద్దరు వేడినీళ్ల స్నానం తర్వాత గాఢనిద్ర పెరగడాన్ని మెదడు తరంగాల్లో నమోదు చేశారు. 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్క తీశారు. 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్లతో, పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు, 10 నిమిషాల స్నానం చేసినా నిద్ర పట్టే సమయం తగ్గుతుందని తేల్చారు. పడుకునే ముందు నిమిషంలో చేస్తే లాభం లేదు. చల్లబడడానికి వ్యవధి కావాలి.

రెండో పాయ ప్రవర్తన చికిత్స. 1972లో అమెరికాలో రిచర్డ్ బూట్జిన్ ఒక మామూలు సంగతి పట్టుకున్నాడు. నిద్ర లేనివాడికి పక్క చూస్తేనే మెలకువ వస్తుంది. ఎందుకంటే ఎన్నో రాత్రులు ఆ పక్క మీదే మేలుకుని బాధపడ్డాడు. కాబట్టి నిద్ర వస్తేనే పడుకో, కాసేపటికీ రాకపోతే లేచి వేరే చోటికి పో, వచ్చాక మళ్లీ రా, పొద్దున ఒకే వేళకు లే. 1987లో ఆర్థర్ స్పీల్‌మన్ బృందం పడక మీద గడిపే సమయాన్నే తగ్గించి, నిద్ర గట్టిపడ్డాక మెల్లగా పెంచే పద్ధతి చెప్పింది. వీటికి, నిద్ర పట్టకపోతే ఏమైపోతానో అన్న భయాన్ని పరీక్షించి చూసుకోవడం కలిస్తే ఇప్పుడు సీబీటీ–ఐ అనే చికిత్స. 2016లో అమెరికన్ వైద్యుల కళాశాల, దీర్ఘకాలపు నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లందరికీ మాత్రల కంటే ముందు దీన్నే ఇవ్వాలని సిఫారసు చేసింది.

రెండింటినీ కలిపితే? ఆ ప్రయత్నాలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. ఒంటిని కాచడాన్ని మాటల చికిత్సతో జతచేసి కాలిఫోర్నియాలో ఒక బృందం కుంగుబాటు రోగుల మీద చేసిన చిన్న ప్రయోగం 2024లో అచ్చయింది. పన్నెండు మంది పూర్తిచేశారు, దాదాపు అందరికీ మేలు కనిపించింది. పోల్చి చూడడానికి వేరే గుంపు లేదు కాబట్టి దాని మీద పెద్ద మాటలు చెప్పలేం. కానీ తర్కం అర్థమవుతుంది. పడక సమయం తగ్గించే చికిత్స మొదటి రెండు మూడు వారాలు కష్టం, చాలామంది మధ్యలో వదిలేస్తారు. ఒంటికి హాయినిచ్చేది ఏదైనా తోడుంటే నిలబడతారు. వేసాలి చీటీలో చంకమం పక్కన జంతాఘరం ఉన్నట్టు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. మన వేదికల మీద ఈ మధ్య, శాస్త్రవేత్తలు కనిపెట్టినదంతా త్రిపిటకంలో ముందే ఉంది అనే మాట వినబడుతోంది. ఇది విమానాలు పురాణాల్లో ఉన్నాయనేవాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్న మాట. జీవకుడి దగ్గర ఉష్ణమాపకం లేదు. నడిజాము నాలుగు గంటల నిద్ర అరణ్యంలో ధ్యానం చేసే భిక్ఖువుకు చెప్పింది, మగ్గం మీదో క్వారీలోనో పనిచేసే మనిషికి కాదు. మనకు ఆ గ్రంథాల నుంచి దక్కేది ఫార్ములా కాదు, చూసే తీరు. బాధకు కారణం ఉంటుంది, కారణాన్ని మార్చవచ్చు, పనిచేయనిదాన్ని వదిలి మరొకటి ప్రయత్నించవచ్చు. పిలిందవచ్ఛుని వాతం దగ్గర బుద్ధుడు చేసింది అదే.

కల్లు కాంపౌండులో దొరికే నిద్ర

ఇదంతా పాత చరిత్ర అని పక్కన పెట్టగలిగితే బాగుండేది. మన దగ్గర బీదవాళ్ల నిద్ర సంగతి అందరికీ తెలిసిందే. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్. ఇవన్నీ నిద్రమందులే. 2015లో ఎక్సైజ్ దాడులతో ఆ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో కాంపౌండులు మూతపడ్డప్పుడూ అదే జరిగింది. ఆల్ప్రజోలం ఎన్‌డీపీఎస్ చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు. చట్టం ఉంది, సీసాలో మందూ ఉంది. కల్లు తాగేవాణ్ని తాగుబోతు అని తిట్టడం తేలిక. రాళ్లు కొట్టి వచ్చి నొప్పులతో రాత్రంతా దొర్లే మనిషికి మరో దారి ఎవరు చూపించారు?

దీనిలో ఒక ముఖ్యమైన మాట. ఆ కల్లుకో, ఆ మాత్రలకో అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానకూడదు. ప్రాణాపాయం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. వేన్నీళ్ల విషయంలోనూ జాగ్రత్తలున్నాయి. గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు మరీ వేడినీళ్ల జోలికి పోరాదు. మూర్ఛవ్యాధి, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు నిద్ర తగ్గించే పద్ధతి కూడదు. షుగరు వల్ల కాళ్లలో స్పర్శ పోయినవాళ్లు నీళ్ల వేడిని కాలితో చూసుకోకూడదు, బొబ్బలెక్కినా తెలియదు. మోచేతితో చూడాలి, లేదా ఇంట్లో మరొకరు చూసి పోయాలి.

ఈ చివరి మాట రాస్తుంటే బాబాసాహెబ్ గుర్తుకొస్తారు. రాజ్యాంగ ముసాయిదా పనిలో మునిగిన ఆ కాలంలో ఆయనకు షుగరు, కాళ్లలో నరాల నొప్పి, నిద్రలేమి. ఇన్సులిన్, హోమియో మందులు వాడేవారు. చికిత్స కోసం బొంబాయి వెళ్లడం, డాక్టర్ శారదా కబీర్‌తో పరిచయం, 1948 ఏప్రిల్ 15న వివాహం, ఇవన్నీ ఆ అనారోగ్యం దారిలో జరిగినవే. ఆయన రాత్రులు మేలుకుని చదివారని మనం గర్వంగా చెప్పుకుంటాం. పిల్లలకు ఆదర్శంగా చూపిస్తాం. ఆ మేలుకోవడంలో కొంత నొప్పి కూడా అని చెప్పం. చెప్పాలి. మన యువకులు పోటీ పరీక్షల కోసం నిద్ర మానుకోవడాన్ని ఆయన పేరుతో సమర్థించుకుంటున్నారు.

నిద్రకు చట్టంలో చోటుంది. 2011 జూన్ 4 అర్ధరాత్రి దాటాక ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ కేసులో 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ నిద్రను 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. బాబాసాహెబ్ రాసిన పుస్తకంలో, ఆయన నోచుకోని హక్కు.

మన విహారాలు ఇందులో చేయగలిగిన పని ఉంది. ఆనాపాన నేర్పే ఆదివారాల్లోనే ఒక గంట, పడకను నిద్రకే ఉంచుకోవడం, ఒకే వేళకు లేవడం, సాయంత్రం వేన్నీళ్లు, ఆ తర్వాత కాసేపు నడక అని చెప్పవచ్చు. సర్కారు ఆసుపత్రి మానసిక వైద్యుణ్ని నెలకోసారి పిలవవచ్చు. విహారానికి కొత్త గోపురం కట్టే చందాలో కొంత తీసి రెండు స్నానాల గదులు, ఒక వేడినీళ్ల బాయిలరు పెడితే, పొద్దున నాలుగింటికే చీపురు పట్టి వెళ్లే పారిశుధ్య కార్మికులు సాయంత్రం వచ్చి ఒళ్లు కడుక్కుని ఇంటికి పోతారు. దానికి పాలి పేరు పెట్టినా పెట్టకపోయినా ఫరవాలేదు. చివరివాడు కడిగి, మంట ఆర్పి, తలుపు వేయాలన్న నియమం మాత్రం గోడ మీద రాయండి.

ఇంకొకటి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగరాదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలించవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు. వినాయక మండపాల మీద మనం ఫిర్యాదులు రాస్తున్నాం, రాయవలసిందే. ఏప్రిల్ 14 రాత్రి మన వీధిలో డీజే ఎన్ని గంటలకు ఆగుతోందో కూడా గడియారం చూసి రాసిపెట్టుకుందాం. ఆ వీధిలోనే తెల్లవారి నాలుగింటికి డ్యూటీ ఎక్కేవాళ్లు పడుకుని ఉంటారు.